ఐసీయూ పేషెంట్లలో మైక్రోసర్క్యులేషన్ స్టడీ చేయాలంటే ఏ పద్ధతి పట్టుకోవాలి?

సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ముదిరి, అంటే సెప్సిస్ వల్ల, బీపీ పడిపోవడం) పేషెంట్ ఒకరున్నారనుకోండి, ఫ్లూయిడ్స్ ఇచ్చారు, బీపీ పెంచే మందు నార్ అడ్రినలిన్ నడుస్తోంది, మీన్ బీపీ 65 దాటింది, ఎకోలో గుండె కూడా బానే కొట్టుకుంటోంది, అయినా యూరిన్ రావట్లేదు, లాక్టేట్ (కణాలకి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) దిగట్లేదు, మోకాళ్ళ చుట్టూ ఊదారంగు మచ్చలు అలానే ఉన్నాయి. ఐసీయూలో పనిచేసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. మెయిన్ కాలువ నిండుగా పారుతున్నా శివారు చేలకి తడి అందనట్టే ఇదీ, మనం మానిటర్ మీద చూసేదంతా మెయిన్ కాలువే, ఆక్సిజన్ నిజంగా కణాలకి చేరేది 20 మైక్రాన్ల కన్నా సన్నని నాళాల్లో, దీన్నే మైక్రోసర్క్యులేషన్ అంటారు, అక్కడ ఏం జరుగుతుందో మామూలు మానిటర్ చెప్పదు.

దీని మీద థీసిస్ చేద్దామనో, చిన్న స్టడీ పెడదామనో, లేదా మా యూనిట్‌లో రోజూ వాడటానికి ఏదో ఒక పద్ధతి మొదలుపెడదామనో అనుకునేవాళ్ళు చాలామంది ముందు మెషిన్ గురించి అడుగుతారు, ఏ కెమెరా మంచిది, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని. నా లెక్కలో ముందు తేల్చుకోవాల్సింది అది కాదండి. మీ ప్రశ్న ఏంటి? పేషెంట్ ట్రీట్‌మెంట్ మార్చడానికా, ఎవరికి ప్రమాదం ఎక్కువో ముందే పట్టుకోవడానికా, లేక జబ్బు లోపల ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికా? మూడింటికీ మూడు వేరే పద్ధతులు సరిపోతాయి, ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాకపోవచ్చు.

అసలు చెడేది ఏంటో ముందు కాస్త

సెప్సిస్‌లో చిన్న నాళాల లోపలి పొర, అంటే ఎండోథీలియం దెబ్బతింటుంది, దాని మీదుండే గ్లైకోకాలిక్స్ అనే పల్చటి పూత రాలిపోతుంది, తెల్లకణాలు గోడకి అతుక్కుంటాయి, చిన్న చిన్న గడ్డలు కడతాయి, ఎర్రకణాలు మామూలుగా వంగినట్టు వంగవు. ఎర్రకణం సైజు ఏడెనిమిది మైక్రాన్లు, చాలా క్యాపిల్లరీలు (అన్నిటికన్నా సన్నని నాళాలు) కూడా దాదాపు అంతే ఉంటాయి, కొన్ని ఇంకా సన్నగా ఉంటాయి, కాబట్టి వంగకపోతే ఇరుక్కుపోవడమే. వీటన్నిటి వల్ల ఫ్లో మొత్తం ఒకేలా తగ్గదు, ఒక క్యాపిల్లరీ జోరుగా పారుతుంటే దాని పక్కదే ఆగిపోయి ఉంటుంది. ఈ తేడానే అసలు సమస్య, ఎందుకంటే ఆగిపోయిన దాని చుట్టూ ఉన్న కణాలకి ఆక్సిజన్ చాలా దూరం నుంచి రావాలి, పారే దాంట్లోంచి మాత్రం ఆక్సిజన్ వాడకుండానే సిరల వైపు వెళ్ళిపోతుంది, అందుకే సెంట్రల్ వీనస్ శాచురేషన్ (గుండెకి తిరిగొచ్చే రక్తంలో మిగిలిన ఆక్సిజన్ శాతం) 70 పైన కనబడి మనకి అంతా బాగుందనే భ్రమ కలిగిస్తుంది.

మనుషుల్లో దీన్ని కళ్ళకి కట్టినట్టు చూపించింది 2002లో డీ బ్యాకర్ టీమ్. సెప్సిస్ పేషెంట్ల నాలుక కింద పారే చిన్న నాళాలు తగ్గిపోయాయని చూపించడమే కాదు, అక్కడే అసిటైల్‌కోలిన్ చుక్కలు వేస్తే మళ్ళీ తెరుచుకున్నాయని కూడా చూపించారు, అంటే ఆ నాళాలు చచ్చిపోలేదు, మూసుకున్నాయంతే. 2004లో సాకర్ వాళ్ళు రోజురోజూ ఫాలో అయి చూస్తే, చనిపోయినవాళ్ళలో ఈ తేడా సర్దుకోలేదు, బతికినవాళ్ళలో త్వరగా మెరుగైంది. 2015లో ఇన్స్ దీనికి హీమోడైనమిక్ కోహెరెన్స్ అనే చట్రం ఇచ్చారు, పెద్ద ప్రసరణ బాగుపడినా చిన్నది బాగుపడకపోవడాన్ని నాలుగు రకాలుగా విడదీశారు: ఫ్లో ఒకచోట ఉండి ఒకచోట లేకపోవడం, రక్తం పల్చబడిపోవడం, వ్యాసోప్రెసర్ల (నార్ అడ్రినలిన్ లాంటి బీపీ పెంచే మందుల) బిగింపు వల్లో సిరల్లో ప్రెషర్ పెరిగో ఫ్లో ఆగిపోవడం, వాపు వల్ల ఆక్సిజన్ దూరం పెరగడం. స్టడీ మొదలుపెట్టేవాళ్ళు ఈ నాలుగింట్లో దేని గురించి అడుగుతున్నారో కాగితం మీద రాసుకుంటే సగం గందరగోళం అక్కడే పోతుంది.

వేలి మీద, మోకాలి దగ్గర చూసేవి

క్యాపిల్లరీ రీఫిల్ టైమ్, అంటే వేలు నొక్కి వదిలాక రంగు తిరిగొచ్చే టైమ్, అందరికీ తెలిసిందే, అందుకే అందరూ చిన్నచూపు చూస్తారు. నాకైతే ట్రీట్‌మెంట్ నడపడానికి ఇవాళ ఉన్నవాటిలో ఇదే ముందు వరసలో ఉంటుంది, దానికి కారణం ఆధారాలు. 2019లో వచ్చిన ఆండ్రోమెడా షాక్ ట్రయల్‌లో లాటిన్ అమెరికాలోని ఐదు దేశాల్లో 28 ఆసుపత్రుల్లో 424 మంది సెప్టిక్ షాక్ పేషెంట్లని తీసుకుని, సగం మందికి రీఫిల్ టైమ్ చూసి, సగం మందికి లాక్టేట్ చూసి ట్రీట్‌మెంట్ నడిపారు. 28 రోజుల్లో మరణాలు రీఫిల్ గుంపులో 34.9 శాతం, లాక్టేట్ గుంపులో 43.4 శాతం, తేడా స్టాటిస్టికల్‌గా గీత దాటలేదు గానీ ఏమీ ఖర్చులేని ఒక టెస్టు లాక్టేట్‌కి తీసిపోయిన సూచన ఏదీ కనబడలేదు. ఆ తర్వాత 2021 సర్వైవింగ్ సెప్సిస్ గైడ్‌లైన్స్ కూడా దీన్ని తోడుగా వాడమని చెప్పాయి. 2025లో వచ్చిన రెండో ఆండ్రోమెడా ట్రయల్ దాదాపు 1500 మందితో జరిగింది, అందులో మరణాలు రీఫిల్ చూసినవాళ్ళలోనూ మామూలు ట్రీట్‌మెంట్ వాళ్ళలోనూ దగ్గరదగ్గరగానే ఉన్నా మొత్తం కలిపి చూసిన ఫలితం రీఫిల్ టైమ్ వైపే మొగ్గింది, ముఖ్యంగా వ్యాసోప్రెసర్లు, వెంటిలేటర్ లాంటి సపోర్ట్ మీద ఉండే కాలం తగ్గడం వల్ల.

కానీ ఇది పనిచేయాలంటే పద్ధతిగా చేయాలి, గోరు మీద ఒకసారి నొక్కి ఒకటి రెండు అని మనసులో లెక్కపెట్టడం కాదు. ట్రయల్‌లో వాళ్ళు చేసింది ఇలా: కుడి చూపుడు వేలి చివరి కణుపుకి అరచేతి వైపు, మైక్రోస్కోప్ గాజు స్లైడ్ ఆనించి, చర్మం తెల్లబడేదాకా ప్రెషర్ పెంచి, అక్కడే సరిగ్గా 10 సెకన్లు పట్టుకుని, వదిలాక మామూలు రంగు వచ్చేదాకా స్టాప్‌వాచ్‌తో కొలిచారు, 3 సెకన్లు దాటితే అబ్‌నార్మల్, షాక్ మొదటి గంటల్లో ప్రతి అరగంటకీ మళ్ళీ. గాజు ఎందుకంటే కిందున్న చర్మం తెల్లబడటం, రంగు రావడం కనబడుతుంది కాబట్టి. గది చల్లగా ఉన్నా, చెయ్యి చల్లగా ఉన్నా టైమ్ పెరిగిపోతుంది, వయసుతో కూడా పెరుగుతుంది, 1988లోనే ష్రిగర్, బరాఫ్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కొలిస్తే పెద్ద వయసువాళ్ళకి పైహద్దు 4.5 సెకన్ల దాకా వచ్చింది. కాబట్టి స్టడీ పెడితే గది టెంపరేచర్, వయసు, ఎవరు కొలిచారు అన్నవి తప్పకుండా రాయండి, ఇద్దరు విడివిడిగా కొలిచి ఎంత కలుస్తుందో ముందే చూసుకోండి.

మాట్లింగ్ స్కోర్ కూడా ఇదే కోవలోది, 2011లో ప్యారిస్‌లోని సెంట్ ఆంట్వాన్ ఆసుపత్రి టీమ్ ఇచ్చింది, మోకాలి చుట్టూ మచ్చ ఎంతదాకా పాకిందో చూసి 0 నుంచి 5 వేస్తారు, నాణెం అంత ఉంటే 1, గజ్జల మడత దాటితే 5. స్కోర్ ఎక్కువున్నవాళ్ళకి మరణ ప్రమాదం బాగా ఎక్కువ. అయితే నల్లటి చర్మం మీద ఇది చూడటం నిజంగా కష్టం, మీ పేషెంట్లలో ఎక్కువమంది ముదురు రంగువాళ్ళైతే దీన్నే మెయిన్ కొలతగా పెట్టుకోవద్దు. పల్స్ ఆక్సిమీటర్‌లో వచ్చే పెర్ఫ్యూజన్ ఇండెక్స్ కూడా ఉంది, 1.4 కన్నా తక్కువుంటే చర్మానికి ఫ్లో తగ్గిందని ఒక లెక్క, ఆగకుండా నెంబర్ వస్తుంది కాబట్టి ట్రెండ్ చూడ్డానికి బావుంటుంది, కానీ మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది, పైగా వ్యాసోప్రెసర్ డోస్ మారితే అది కూడా మారుతుంది.

వీటన్నిటిదీ ఒకటే లోపం, ఇవి చర్మాన్ని చూస్తాయి, చర్మం శరీరం ముందుగా త్యాగం చేసే అవయవం. ట్రీట్‌మెంట్‌కి అది ప్లస్సే, ఎందుకంటే ముందుగా హెచ్చరిస్తుంది. కిడ్నీలో ఏం జరుగుతోంది అని మీ ప్రశ్న అయితే మాత్రం జవాబు ఇక్కడ దొరకదు.

రక్తంలో కొలిచేవి

లాక్టేట్ వదిలేయమని ఎవరూ అనరు, సెప్సిస్ 3 అనే అంతర్జాతీయ నిర్వచనంలోనే సెప్టిక్ షాక్ అనాలంటే లిటరుకి 2 మిల్లీమోల్స్ దాటాలి. దాని ఇబ్బందల్లా అది నెమ్మదిగా దిగుతుంది, అడ్రినలిన్ ఇస్తే పెరుగుతుంది, లివర్ బాగోకపోతే క్లియర్ కాదు, కాబట్టి ఎక్కువ ఉన్నంతమాత్రాన క్యాపిల్లరీలు మూసుకున్నాయని అర్థం కాదు, దాన్ని చూసి ఫ్లూయిడ్ పోస్తూ పోతే వాపు పెరిగి చిన్న నాళాల పని ఇంకా చెడుతుంది. ప్రమాదం ఎవరికి ఎక్కువో చెప్పడానికి చాలా మంచిది, గంట గంటకీ నిర్ణయం తీసుకోవడానికి అంత మంచిది కాదు.

సీఓటూ గ్యాప్ గురించి తక్కువమంది మాట్లాడతారు, నాకు ఇది చాలా ఇష్టమైన కొలత. సెంట్రల్ వీనస్ శాంపిల్, ఆర్టీరియల్ శాంపిల్ ఒకే టైమ్‌లో తీసి రెండింటి కార్బన్ డయాక్సైడ్ తేడా చూస్తే, 6 మిల్లీమీటర్ల మెర్క్యురీ (ప్రెషర్ యూనిట్) దాటితే కణాల దగ్గర పుట్టిన వాయువుని రక్తం సరిగ్గా తోసుకెళ్ళట్లేదని. శాచురేషన్ బాగుండి గ్యాప్ పెరిగితే అనుమానించాల్సిందే. 2016లో ఓస్పినా టాస్కాన్ టీమ్ ఈ గ్యాప్‌ని నాలుక కింద వీడియోలతో పోల్చి చూస్తే చిన్న నాళాల ఫ్లోతో బానే కలిసింది. బ్లడ్ గ్యాస్ మెషిన్ ఉన్న ఏ ఐసీయూలో అయినా చేయొచ్చు, కాకపోతే శాంపిల్‌లో గాలి బుడగ ఉన్నా, రెండు శాంపిల్స్ మధ్య ఆలస్యం అయినా లెక్క తప్పుతుంది, 6 అన్న హద్దు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల తప్పు అంటే చాలా పెద్ద తప్పు. కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె నిమిషానికి తోసే రక్తం) తగ్గినా గ్యాప్ పెరుగుతుంది కాబట్టి ఎకో కూడా పక్కన ఉండాలి.

నాలుక కింద కెమెరా

ఇదే అందరూ అడిగేది. 1999లో ఓపీఎస్ అనే పద్ధతి వచ్చింది, 2007లో ఎస్‌డీఎఫ్, దాని తర్వాత ఐడీఎఫ్. మూడూ నాలుక కింద ఆనించి వీడియో తీసే చేతి మైక్రోస్కోప్ కెమెరాలే, మూలసూత్రం ఒకటే, పచ్చ రంగు లైటు వేస్తే హీమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుంటుంది, ఎర్రకణాలు నల్లగా కనబడతాయి, మిగతాదంతా తెల్లగా. స్క్రీన్ మీద చూస్తే ఆరోగ్యంగా ఉన్నచోట సన్నని నల్ల గీతలు ఆగకుండా జారుతుంటాయి, ఒక్కో కణం విడిగా కనబడనంత వేగంగా. సెప్సిస్‌లో అదే గీత ముక్కలు ముక్కలై, పూసల్లాగ ఒక్కో కణం ఆగుతూ కదులుతూ, కొన్నిచోట్ల అసలు కదలకుండా, దాని పక్క వెన్యూల్ (చిన్న సిర) మాత్రం మామూలుగా పారుతూ కనబడుతుంది. ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. ఒక విషయం గుర్తుంచుకోవాలి, ఇందులో కనబడేది ఎర్రకణాలే, నాళం గోడ కాదు, ఎర్రకణం లేకుండా ప్లాస్మా మాత్రమే ఉన్న క్యాపిల్లరీ వీడియోలో లేనట్టే.

కొత్తగా కొనేవాళ్ళకి, అరువు తెచ్చుకునేవాళ్ళకి నా సలహా ఐడీఎఫ్, 2015లో పోల్చి చూసినప్పుడు ఎస్‌డీఎఫ్ కన్నా దాదాపు 30 శాతం ఎక్కువ క్యాపిల్లరీలు పట్టింది. అదే కారణంగా పాత ఎస్‌డీఎఫ్ స్టడీల డెన్సిటీ (నాళాలు ఎంత దట్టంగా ఉన్నాయో చెప్పే) నెంబర్లతో మీ ఐడీఎఫ్ నెంబర్లని నేరుగా పోల్చకూడదు, ఒకే స్టడీలో రెండు కెమెరాలు కలపకూడదు. మీ దగ్గర ఇప్పటికే ఎస్‌డీఎఫ్ ఉంటే పారేయాల్సిన పనిలేదు, స్టడీ మొత్తం దాంతోనే చేయండి.

అసలు కష్టం కెమెరా కొన్నాక మొదలవుతుంది. ప్రోబ్‌ని కాస్త గట్టిగా ఆనిస్తే చాలు క్యాపిల్లరీ ఫ్లో ఆగిపోతుంది, అది జబ్బు వల్ల ఆగిందో మీ చెయ్యి వల్ల ఆగిందో వీడియోలో తెలియదు. పెద్ద వెన్యూల్స్‌లో ఫ్లో చూడాలి, అవి కూడా ఆగుతూ, వెనక్కి ముందుకి ఊగుతూ ఉంటే ప్రెషర్ వల్లే అని అనుమానించి ఆ వీడియో పక్కన పెట్టాలి. ఉమ్ము, రక్తం తుడవాలి, ఫోకస్ సరిచేసుకోవాలి, కనీసం మూడు చోట్ల, వీలైతే ఐదు చోట్ల తీయాలి. 2013లో మాసీ వాళ్ళు ఇచ్చిన క్వాలిటీ స్కోర్ ఉంది, వెలుతురు, నిడివి, ఫోకస్, కంటెంట్, స్థిరత్వం, ప్రెషర్ అని ఆరు అంశాలు, ఎనాలిసిస్‌కి ముందు ప్రతి వీడియోకీ అది వేయండి, అది లేని స్టడీని ఈ ఫీల్డ్ వాళ్ళు సీరియస్‌గా తీసుకోరు. ట్యూబ్ లేని, మెలకువగా ఉన్న పేషెంట్ నాలుక కదిలిస్తూనే ఉంటారు, ఊపిరాడక ఇబ్బంది పడేవాళ్ళ నోట్లో ప్రోబ్ పెట్టలేం, అందువల్ల మీ శాంపిల్ మత్తులో ఉన్న వెంటిలేటర్ పేషెంట్ల వైపు ఒరిగిపోతుంది, ఆ సంగతి పేపర్‌లో దాచకుండా రాయాలి.

ఇక కొలతల సంగతి. ఎంఎఫ్‌ఐ (మైక్రోవాస్కులర్ ఫ్లో ఇండెక్స్) అంటే ఫ్రేమ్‌ని నాలుగు భాగాలు చేసి ఒక్కోదాంట్లో ఎక్కువగా కనబడే ఫ్లోకి 0 నుంచి 3 వేయడం: లేదు, ఆగి ఆగి, నెమ్మది, మామూలు. త్వరగా అయిపోతుంది, కానీ కంటి అంచనా. పెర్ఫ్యూజ్డ్ వెసెల్ డెన్సిటీ అయితే ఎన్ని నాళాలు ఉన్నాయో ఎన్ని పారుతున్నాయో కలిపి చెబుతుంది, గీతలు గీయడానికి ఒక్కో వీడియోకి చాలా టైమ్ పడుతుంది. సెప్సిస్ మీద స్టడీ అయితే హెటెరోజెనిటీ ఇండెక్స్ వదలొద్దు, పైన చెప్పిన పక్కపక్క తేడా పట్టేది అదే. ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది, పని చాలా తగ్గుతుంది, అయినా కొన్ని వీడియోలు చేత్తో కూడా చేసి పోల్చుకోండి. 2007లో మొదటి ఏకాభిప్రాయ పత్రం, 2018లో రెండోది వచ్చాయి, ప్రోటోకాల్ రాసేముందు ఆ రెండూ చదవాల్సిందే, రివ్యూయర్లు మొదట అడిగేది వాటి గురించే.

మరి దీన్ని చూసి ట్రీట్‌మెంట్ మార్చొచ్చా? ఇప్పటికైతే వద్దనే నా మాట. 2015లో వచ్చిన మైక్రోసోప్ స్టడీలో 36 ఐసీయూల్లో 501 మందిని ఒకే పద్ధతిలో చూస్తే 17 శాతం మందిలో ఎంఎఫ్‌ఐ తగ్గింది, మొత్తం పేషెంట్లలో దానికీ మరణాలకీ సంబంధం కనబడలేదు, గుండె వేగం 90 దాటినవాళ్ళలో మాత్రం కనబడింది. 2023లో డామిస్ అనే ట్రయల్‌లో 141 మంది షాక్ పేషెంట్లలో ఒక గుంపుకి వీడియో ఫలితం డాక్టర్లకి చెప్పి ట్రీట్‌మెంట్ ప్లాన్‌లో కలిపారు, బతికే అవకాశం మెరుగుపడలేదు. దానికి ముందే నైట్రోగ్లిజరిన్ కథ ఉంది, 2002లో చిన్న గుంపులో నాళాలు తెరుచుకున్నట్టు కనబడింది, 2010లో సరైన రాండమైజ్డ్ ట్రయల్‌లో 70 మందిలో ఫ్లూయిడ్స్ సరిగ్గా ఇచ్చాక ఇస్తే ప్లాసిబో కన్నా తేడా రాలేదు. తప్పు చూపించడం తెలిసింది, ఆ తప్పుని సరిచేసే మందు చేతిలో లేదు, ఈ ఫీల్డ్ ఇప్పుడు ఉన్నది అక్కడే.

ఇంకోటి, నాలుక కింద బాగుంటే పేగులో కూడా బాగున్నట్టా? 2007లో బోర్మా వాళ్ళు పొట్టలో సెప్సిస్ ఉన్న పేషెంట్లలో స్టోమా (పొట్ట మీదకి తెరిచిన పేగు) దగ్గరా నాలుక కిందా రెండుచోట్లా తీస్తే మొదటిరోజు రెండింటికీ పొంతన లేదు, మూడోరోజుకి వచ్చింది. అంటే మొదటి గంటల్లో ఒక కిటికీ లోంచి ఇల్లంతా చూడలేం.

మిగతావి

ఎన్‌ఐఆర్‌ఎస్ (నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ), బొటనవేలి కింద కండ మీద ప్రోబ్ పెట్టి ఆక్సిజన్ శాచురేషన్ కొలవడం. ఊరికే కొలిస్తే పెద్దగా ఉపయోగం లేదు, సెప్సిస్‌లో చాలామందికి మామూలుగానే వస్తుంది. బీపీ కఫ్‌తో రక్తం ఆపి, శాచురేషన్ 40కి పడేదాకానో 3 నిమిషాలో ఉంచి, వదిలాక ఎంత వేగంగా పైకి లేస్తుందో చూస్తే అప్పుడు విలువ ఉంది, ఆ వేగం నాళాల రిజర్వ్‌ని చూపిస్తుంది, 2007లో క్రెటర్ వాళ్ళు సెప్సిస్‌లో అది మందగిస్తుందని, అలా మందగించినవాళ్ళ ఫలితం బాగోలేదని చూపించారు. చెయ్యి వాచి ఉంటే నమ్మలేం, ఐసీయూలో వాపు లేని చెయ్యి దొరకడం కూడా కష్టమే. చేసే మనిషి మీద తక్కువ ఆధారపడుతుంది కాబట్టి, పెద్దగా ట్రైనింగ్ లేకుండా ఒక్కరే చేసే స్టడీకి నాలుక కెమెరా కన్నా ఇది నయం.

లేజర్ డాప్లర్, లేజర్ స్పెకిల్ చర్మం మీద సగటు ఫ్లో ఇస్తాయి, పక్కపక్క నాళాల తేడా చూపించవు. గ్లైకోకాలిక్స్ మీద ప్రశ్న అయితే రక్తంలో సిండెకాన్ 1 (ఆ పూత రాలినప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్) కొలవడం సులువైన దారి, శాంపిల్స్ ఫ్రీజర్‌లో దాచి ఒకేసారి చేసుకోవచ్చు. మైటోకాండ్రియా దాకా వెళ్ళాలంటే చర్మం మీద కొన్ని గంటల ముందు మందు ప్లాస్టర్ వేసి లైటుతో ఆక్సిజన్ కొలిచే పద్ధతి ఉంది, రీసెర్చ్ ల్యాబ్‌లకే సరి. కిడ్నీ, లివర్ లోపల క్యాపిల్లరీలు బతికుండగా నేరుగా చూడాలంటే ఎలుకల్లో ఇంట్రావైటల్ మైక్రోస్కోపీ తప్ప గతిలేదు, అక్కడ తెల్లకణం గోడకి అతుక్కోవడం కూడా కనబడుతుంది, కాకపోతే చిన్న వయసు ఆరోగ్యమైన ఎలుకకి తెచ్చిపెట్టిన సెప్సిస్‌, షుగరూ బీపీ ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషి సెప్సిస్ ఒకటి కాదు.

మరి మీరేం ఎంచుకోవాలి

రోజూ పేషెంట్లని చూసే యూనిట్ అయితే గాజు స్లైడ్, స్టాప్‌వాచ్, దాంతోపాటు లాక్టేట్, సీఓటూ గ్యాప్, ఇంతే. నర్సులకీ జూనియర్లకీ ఒకే పద్ధతి నేర్పించి చార్ట్‌లో ఒక గడి పెట్టండి, ఏ మెషిన్ కన్నా ముందు దీనివల్ల లాభం కనబడుతుంది.

పీజీ థీసిస్ అయితే, ఏడాది ఏడాదిన్నర టైమ్, నేర్పేవాళ్ళెవరూ లేరు అనుకుంటే, నాలుక కెమెరా జోలికి వెళ్ళొద్దని గట్టిగా చెప్తాను, చెయ్యి కుదరడానికే నెలలు పడుతుంది. రీఫిల్ టైమ్‌నీ సీఓటూ గ్యాప్‌నీ మొదటి 24 గంటల్లో కలిపి చూసి ఎవరికి కిడ్నీ దెబ్బతింటుందో చూడటం లాంటి ప్రశ్న చక్కగా పూర్తవుతుంది. పక్కన ఈ వీడియోలు తీసి అనుభవం ఉన్న టీమ్ ఉంటే మాత్రం ధైర్యంగా కెమెరా తీసుకోండి, కాకపోతే అసలు స్టడీ పేషెంట్ల ముందు ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల మీద క్వాలిటీ స్కోర్ నిలకడగా పాసయ్యేదాకా ప్రాక్టీస్ చేయండి.

కొత్త మందు గానీ ఫ్లూయిడ్ గానీ చిన్న నాళాల మీద ఏం చేస్తుందో చూసే ట్రయల్ అయితే కెమెరా తప్పదు, ముందూ తర్వాతా తీసిన వీడియోలని పేషెంట్ ఎవరో, ఏ టైమో తెలియకుండా వేరేవాళ్ళు ఎనాలిసిస్ చేయాలి. ఇంకో సంగతి, మొదట్లో ఫ్లో బాగానే ఉన్నవాళ్ళని కలిపేస్తే మందు పనిచేసినా తేడా కనబడదు, కాబట్టి ఎంఎఫ్‌ఐ తగ్గినవాళ్ళనే చేర్చుకోవాలి, దీనివల్ల పేషెంట్లు దొరకడం ఆలస్యమవుతుంది, ప్రోటోకాల్‌లో ఆ టైమ్ ముందే పెట్టుకోండి. అన్ని రకాల స్టడీల్లోనూ ఎథిక్స్ కమిటీకి రాసేటప్పుడు మత్తులో ఉన్న పేషెంట్ తరఫున కన్సెంట్ ఎవరిస్తారు, మెలకువ వచ్చాక మళ్ళీ ఎప్పుడు అడుగుతారు అన్నది స్పష్టంగా రాయండి, ఒరిజినల్ వీడియో ఫైళ్ళని కంప్రెస్ చేయకుండా పేరు తీసేసి దాచండి, రేపు మెరుగైన సాఫ్ట్‌వేర్ వస్తే వాటినే మళ్ళీ చదవొచ్చు.